పాత పంపుకు వేరొక ఇంజను – సరిపడు భాగములను ఎంచుకొను విధము

వరికి చిరుపొట్ట దశ నుండి పూత ముగియు వరకు, వేరుశనగకు ఊడలు దిగునపుడు, మొక్కజొన్నకు జల్లు, పీచు వచ్చునపుడు నీటి ఎద్దడి కలిగినచో, తరువాత ఎంత నీరు పెట్టినను పోయిన దిగుబడి తిరిగి రాదు. ఈ సంగతి రైతులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. అయితే పాత ఇంజనులు ఆగిపోవునది కూడ తరచుగా ఇట్టి సమయములందే. ఏలయన, సంవత్సరమంతటిలో వాటికి పని ఎక్కువగా ఉండునది అప్పుడే. పైరు వాడుచుండగా రైతు తొందరలో పట్టణమునకు పోయి, దొరికిన ఇంజనును కొని తెచ్చి, పాత పంపునకు తగిలించును. ఇంజను తిరుగును గాని నీరు సరిగా రాదు. లేదా రెండు రోజులు వచ్చి ఆగిపోవును.

ఇట్టి కష్టము మా ఇంటనే జరిగినది. మా మేనమామగారి మిరప తోటలో నిమిషమునకు 650 చుట్లు తిరుగు పాత 6 హెచ్.పి. ఆయిలు ఇంజను ఉండెడిది. అది బాగుపడనంతగా చెడిపోగా, ఆయన మరల 6 హెచ్.పి. ఇంజనునే కొనిరి. అది నిమిషమునకు 1,500 చుట్లు తిరుగునది. పాత పుల్లీ బాగుగానే ఉన్నదని దానినే కొత్త ఇంజనునకు బిగించిరి. ఇంజను పెట్టగానే నల్లని పొగ క్రక్కి ఆగిపోవుచుండెను. బెల్టు జారుచున్నదని దానిని ఇంకను బిగించిరి. రెండవ రోజుననే పంపు బేరింగు కాలి పట్టివేసెను. ఇంజను మంచిది కాదని దానిని తిరిగి ఇచ్చి మరియొకటి తెచ్చిరి. అదియు అట్లే చేసెను. నేనప్పుడు వ్యవసాయ కళాశాలలో చదువుచుంటిని. నాకును కారణము తోచలేదు. చివరకు పట్టణములో లేతు మిషను మీద పని చేయు వృద్ధుడొకడు, "పాత ఇంజను ఎన్ని చుట్లు తిరిగేదండీ?" అని ఒకే ఒక ప్రశ్న అడిగెను. అప్పటికి తొమ్మిది రోజులు గడచినవి. తోటలో పూత చాలవరకు రాలిపోయినది. ఆ యేడు మొదటి కోత మామగారికి దక్కలేదు.

ఆ ప్రశ్నను ఇంజను కొనుటకు ముందు అడుగవలెను. అటువంటి ప్రశ్నలు మరికొన్ని కలవు. వాటిని వరుసగా వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పాతది నిజముగా పనికిరాదా?

మొదట ఇంజనును మార్చవలసిన అవసరమున్నదా యని చూడవలెను. పొగ రంగు కొంత చెప్పును. నల్లని పొగ వచ్చినచో ఇంజనుపై బరువు ఎక్కువై యుండవచ్చును, గాలి వడపోత మూసికొనిపోయి యుండవచ్చును, లేదా నాజిలు సరిగా చిమ్మకుండవచ్చును. నీలి పొగ వచ్చుచు, ఇంజను ఆయిలు త్వరగా తగ్గుచున్నచో పిస్టను రింగులు, లైనరు అరిగినట్లు అనుమానింపవలెను. ఈ లోపములు బాగుచేయదగినవే. లైనరు మార్చుట, లేదా సిలిండరును బోరు చేయించి 0.25 లేక 0.50 మిల్లీమీటర్లు పెద్దదగు పిస్టనును, అందుకు తగిన రింగులను వేయించుట పాత పద్ధతియే.

బ్లాకు పగిలినను, క్రాంకు షాఫ్టు ఇక సాన పట్టుటకు వీలులేనంతగా అరిగినను, ఆ రకపు భాగములు బజారులో దొరకుట మానినను, అప్పుడు వేరొక ఇంజను గురించి ఆలోచింపవలెను. ఈ నిర్ణయము ఎండకాలములోనే చేసికొనుట మేలు. పైరు పొలములో ఉండగా బేరమాడు రైతు తన మాట నెగ్గించుకొనలేడు.

రెండు నేమ్ ప్లేట్లు

ఇంజను మీదను, పంపు మీదను ఒక్కొక్క రేకు బిగించబడి యుండును. చాలమంది ఇంజను రేకును మాత్రమే చూతురు. నిజమునకు ముందుగా చదువవలసినది పంపు రేకు. పని చేయునది పంపు. ఇంజను దానిని త్రిప్పుట కొరకు మాత్రమే ఉన్నది. పంపు రేకుపై పైపుల సైజు, నీటిని ఎన్ని మీటర్ల ఎత్తునకు తోడును, సెకనుకు ఎన్ని లీటర్లు ఇచ్చును, నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగవలెను అను వివరములు ఉండును. వీటిని ఒక కాగితముపై వ్రాసికొనవలెను.

పంపు రేకు ఊడిపోయినచో దిగులుపడనక్కరలేదు. పాత ఇంజను చుట్లు తెలిసినచో, రెండు పుల్లీల వ్యాసములను కొలిచి పంపు చుట్లు లెక్కకట్టవచ్చును. ఇంజను చుట్లను ఇంజను పుల్లీ వ్యాసముతో హెచ్చించి, పంపు పుల్లీ వ్యాసముతో భాగించవలెను. మా మామగారి పంపునకు లెక్క ఇట్లున్నది: ఇంజను 650 చుట్లు, ఇంజను పుల్లీ 11 అంగుళములు, పంపు పుల్లీ 5 అంగుళములు. 650ని 11తో హెచ్చించి 5తో భాగించగా 1,430 వచ్చును. అనగా ఆ పంపు ఇన్నేండ్లు నిమిషమునకు 1,430 చుట్లు తిరుగుచు నీరిచ్చినది. కొత్త ఇంజను పెట్టిన తరువాత కూడ అది సుమారుగా అన్ని చుట్లే తిరుగవలెను.

బలము ఎంత కావలెను?

పాతది 6 హెచ్.పి. కాబట్టి కొత్తదియు 6 హెచ్.పి. కొనుట వాడుక. అయితే కాలక్రమమున బావిలో నీటి మట్టము మారియుండవచ్చును, పైపులు మార్చియుండవచ్చును. కాబట్టి లెక్క వేసి చూచుట మంచిది. లెక్క సులభము. సెకనుకు వచ్చు లీటర్లను, నీరు లేవవలసిన మొత్తము ఎత్తు మీటర్లతో హెచ్చించి, 75తో భాగించినచో నీటిని ఎత్తుటకు కావలసిన హార్స్ పవరు తెలియును. మొత్తము ఎత్తు అనగా వేసవిలో బావి నీటి మట్టము నుండి నీరు పడు చోటు వరకు గల ఎత్తు. దీనికి పైపులలోను, వంపులలోను, ఫుట్ వాల్వులోను కలుగు ఒరపిడిని కూడ చేర్చవలెను.

ఉదాహరణకు, సెకనుకు 10 లీటర్ల నీటిని మొత్తము 15 మీటర్ల ఎత్తునకు తోడవలెననుకొందము. 10ని 15తో హెచ్చించగా 150. దానిని 75తో భాగించగా 2 హెచ్.పి. అయితే పంపు తనకిచ్చిన బలమునంతటిని నీటికి ఇవ్వజాలదు. నూటికి 60 పాళ్లు ఇచ్చునని అనుకొన్నచో, 3.3 హెచ్.పి. కావలెను. బెల్టులో నూటికి 8 పాళ్లు నష్టమైనచో 3.6 అగును. ఇంజను ఎల్లప్పుడు పూర్తి బరువుపై నడువకుండ నాల్గవ వంతు అదనముగా ఉంచినచో 4.5 హెచ్.పి. అనగా 5 హెచ్.పి. ఇంజను సరిపోవును. ఇట్టి చోట 8 హెచ్.పి. ఇంజను కొనినచో డబ్బు వృథా. 3 హెచ్.పి. కొనినచో ఇంజను అలసి త్వరలో చెడిపోవును.

నీటి ప్రమాణము పైరునకు ఎంత ముఖ్యమో చూడుడు. ఎకరమునకు 5 సెంటీమీటర్ల తడి పెట్టవలెనన్న సుమారు 2 లక్షల లీటర్ల నీరు కావలెను. సెకనుకు 10 లీటర్లు ఇచ్చు పంపు ఈ పనిని అయిదున్నర గంటలలో ముగించును. ఇంజను సరిపడక సెకనుకు 6 లీటర్లే వచ్చినచో తొమ్మిది గంటలకు పైగా పట్టును. నాలుగెకరముల రైతునకు ఒక్క తడికే సుమారు పదునైదు గంటలు అదనము. ఈలోపల చివరి మడి బీటలు వారును.

చుట్లు, పుల్లీలు

ఇది అన్నిటికంటె ముఖ్యమైన భాగము. గుండ్రని ఇంపెల్లరుతో నీరు చిమ్ము సెంట్రిఫ్యూగల్ పంపునకు ఒక స్వభావము కలదు. చుట్లు ఎంత పాలు పెరిగినచో నీరు అంత పాలు పెరుగును. నీటిని ఎత్తు శక్తి దాని వర్గము చొప్పున పెరుగును. కావలసిన హార్స్ పవరు దాని ఘనము చొప్పున పెరుగును. చుట్లు నూటికి 10 పెరిగినచో బలము నూటికి 33 ఎక్కువ కావలెను. చుట్లు నూటికి 10 తగ్గినచో, 15 మీటర్లు ఎత్తగలిగిన పంపు 12 మీటర్లు మాత్రమే ఎత్తగలదు. బావి లోతును బట్టి అప్పుడు నీరు అసలే రాకపోవచ్చును.

ఇప్పుడు మా మామగారి సంగతి చూడుడు. 1,500 చుట్ల ఇంజనునకు 11 అంగుళముల పుల్లీ పెట్టి 5 అంగుళముల పంపు పుల్లీని త్రిప్పినచో పంపు 3,300 చుట్లు తిరుగవలెను. ఇది పాత వేగమునకు 2.3 రెట్లు. ఘనము చొప్పున బలము 12 రెట్లు కావలెను. నాలుగు హార్స్ పవరుతో నడచిన పంపునకు నలుబది ఎనిమిది కావలసి వచ్చినది. 6 హెచ్.పి. ఇంజను నల్లని పొగ క్రక్కుటలో వింత యేమున్నది? తప్పు ఇంజనుది కాదు, పుల్లీది.

సరియైన పుల్లీ కొరకు లెక్కను త్రిప్పి వేయవలెను. పంపు చుట్లను పంపు పుల్లీ వ్యాసముతో హెచ్చించి, ఇంజను చుట్లతో భాగించవలెను. 1,430ని 5తో హెచ్చించి 1,500తో భాగించగా 4.77 అంగుళములు, అనగా సుమారు నాలుగుంబావు కంటె అర అంగుళము పెద్దది. అయితే బి-రకపు వి-బెల్టును 125 మిల్లీమీటర్ల (సుమారు 5 అంగుళముల) కంటె చిన్న పుల్లీపై వేసినచో అది ఎక్కువగా వంగి త్వరగా తెగును. కాబట్టి రెండు పుల్లీలను మార్చుట ఉత్తమము. పంపునకు 6 అంగుళములు, ఇంజనునకు 5¾ అంగుళముల పుల్లీ వేసినచో పంపు 1,437 చుట్లు తిరుగును. మామగారి పంపునకు చివరకు ఇట్లే చేసితిమి.

పంపును ఇంజనుతో నేరుగా కప్లింగుతో కలుపుట మరియొక మార్గము. అప్పుడు పంపు 1,500 చుట్లు తిరుగును. బలము సుమారు నూటికి 15 ఎక్కువ కావలెను. ఇంజనునకు ఆ పాటి శక్తి మిగులు ఉన్నచో ఇది మంచి పద్ధతియే, బెల్టు నష్టము ఉండదు.

ఇక్కడ రెండు పనులు ఎన్నడును చేయరాదు. నెమ్మదిగా తిరుగు పాత ఇంజను ఫ్లైవీలును వేగముగా తిరుగు ఇంజనునకు బిగించరాదు. 24 అంగుళముల పోత ఇనుప ఫ్లైవీలు 650 చుట్లలో అంచు వద్ద సెకనుకు సుమారు 21 మీటర్ల వేగముతో పోవును. 1,500 చుట్లలో 48 మీటర్లతో పోవును. పోత ఇనుమునకు సాధారణముగా 30 మీటర్లు దాటరాదని ఇంజనీర్లు చెప్పుదురు. అది పగిలినచో ముక్కలు ఫిరంగి గుండ్లవలె ఎగురును. అట్లే, పుల్లీ ఖర్చు తప్పించుకొనుటకు గవర్నరు స్ప్రింగును బిగించి పాత ఇంజను వేగమును పెంచరాదు.

అంగుళములు, మిల్లీమీటర్లు

పాత ఇంజనులు, పంపులు చాలవరకు అంగుళముల కొలతలలో తయారైనవి. మన దేశమున 1956లో మెట్రిక్ కొలతల చట్టము వచ్చిన తరువాత క్రమముగా మిల్లీమీటర్లు వాడుకలోనికి వచ్చినవి. పాతదానికి కొత్తది అమర్చునపుడు ఈ రెండు కొలతలు కలిసికొని చిక్కులు తెచ్చును. ఒక అంగుళము 25.4 మిల్లీమీటర్లు. 1⅜ అంగుళముల షాఫ్టు 34.925 మిల్లీమీటర్లు. 35 మిల్లీమీటర్ల రంధ్రము గల పుల్లీ దానిపైకి సుఖముగా ఎక్కును, సరిపోయినదని సంతోషింతుము. కాని ఆ కొద్ది వదులు వలన పుల్లీ కొట్టుకొనుచు కీని, కీవేను నెలలలో నలిపివేయును. కాబట్టి షాఫ్టును టేపుతో గాక వెర్నియరు కాలిపరుతో కొలిపించవలెను. పుల్లీ రంధ్రమును ఆ షాఫ్టునకే లేతుపై బోరు చేయించవలెను. కీ వెడల్పు, ఎత్తు కూడ అట్లే కొలువవలెను. వదులైన పుల్లీ క్రింద రేకు ముక్క చుట్టి బిగించుట ఎంత మాత్రము తగదు.

బోల్టుల విషయము కూడ అంతే. అర అంగుళపు పాత బ్రిటిషు విట్‌వర్త్ బోల్టునకు అంగుళమునకు 12 మరలు. అదే అర అంగుళపు అమెరికా రకపు బోల్టునకు 13 మరలు. నట్టు రెండు మూడు చుట్లు ఎక్కి పట్టివేయును. బలవంతముగా త్రిప్పినచో ఇంజను బ్లాకులోని మరలే చెడును. చేతితో నాలుగైదు చుట్లు సులభముగా ఎక్కని నట్టును పానాతో ఎక్కించరాదు.

బేరింగునకు పేరు దాని నంబరే. 6205 నంబరు బేరింగు లోపలి వ్యాసము 25, బయటి వ్యాసము 52, మందము 15 మిల్లీమీటర్లు. 6305కును లోపల 25 మిల్లీమీటర్లే. కాని బయట 62, మందము 17. షాఫ్టునకు ఎక్కినంత మాత్రమున అదే బేరింగు కాదని దీని వలన తెలియును. పాత బేరింగు అంచుపై గల నంబరును చదివి వ్రాసికొని పోవలెను. ఆయిలు సీలునకు కూడ లోపలి, బయటి వ్యాసములు, మందము అను మూడు కొలతలు కావలెను.

వి-బెల్టులకు అక్షరము, సంఖ్య ఉండును. ఎ-రకము పై వెడల్పు 13, బి-రకము 17, సి-రకము 22 మిల్లీమీటర్లు. బి-60 అనగా బి-రకపు బెల్టు, లోపలి పొడవు 60 అంగుళములు. పుల్లీ గాడి ఏ రకమో బెల్టు ఆ రకమే కావలెను. రెండు మూడు బెల్టులున్న చోట ఒకటి తెగినచో అన్నిటిని ఒకేసారి మార్చవలెను; లేనియెడల కొత్త బెల్టు ఒక్కటే బరువంతయు మోయును.

పేరు ఒకటైనను భాగము ఒకటి కాదు

ఒకే కంపెనీ ఇంజనులలో కూడ రకములు కలవు. కిర్లోస్కరు ఎ.వి.1 ఇంజను సిలిండరు వ్యాసము 80 మిల్లీమీటర్లు, పిస్టను నడక 110 మిల్లీమీటర్లు. టి.వి.1 ఇంజనునకు నడక 110 మిల్లీమీటర్లే గాని వ్యాసము 87.5 మిల్లీమీటర్లు. చూచుటకు రెండును అన్నదమ్ములవలె ఉండును. రెండును 1,500 చుట్లవే. కాని ఒకదాని పిస్టను, రింగులు మరొకదానికి పనికిరావు. కాబట్టి దుకాణములో "అయిదు గుర్రాల ఇంజనుకు రింగులు" అని అడుగరాదు. మోడలు పేరు, ఇంజను నంబరు, సిలిండరు కొలత చెప్పి అడుగవలెను. వీలైనచో పాత భాగమునే సంచిలో వేసికొని పోవలెను.

మన ప్రాంతమున ఏ ఇంజను భాగములు సులభముగా దొరకునో, ఏ ఇంజను పని మెకానిక్కునకు బాగుగా తెలియునో ముందే విచారించవలెను. దూర ప్రాంతము నుండి చవుకగా వచ్చిన ఇంజనునకు ఒక చిన్న గాస్కెట్టు కొరకు పది రోజులు వేచియుండవలసి వచ్చినచో ఆ చవుక పైరు పాలిటికి శాపమగును.

తిరుగు దిక్కు, పునాది

పంపు ఏ దిక్కున తిరుగవలెనో దాని ఒంటిపై బాణపు గుర్తు ఉండును. ఎదురు దిక్కున తిరిగినచో నీరు చాల తక్కువ వచ్చును. కొన్ని పంపులలో ఇంపెల్లరు నట్టు ఊడిపోవును. పాత బద్దీ బెల్టును మెలిపెట్టి వేసి దిక్కు మార్చెడివారు. వి-బెల్టులను అట్లు మెలిపెట్టరాదు. ఇంజనును అటు ముఖముగా త్రిప్పి నిలుపుటయే మార్గము. కాబట్టి కొనునపుడే దిక్కు చూచుకొనవలెను.

కొత్త ఇంజను కాళ్ల రంధ్రములు పాత పునాది బోల్టులకు అరుదుగా సరిపోవును. కొందరు రెండు బోల్టులతోనే సరిపుచ్చుకొందురు. ఇంజను అదరి మిగిలిన భాగములన్నియు చెడును. ఇంజను కాళ్ల ప్రకారము చెక్కపై రంధ్రముల నమూనా తీసి, దానికి బోల్టులను వ్రేలాడదీసి, 1:2:4 పాళ్ల కాంక్రీటు పోయవలెను. కనీసము ఏడు రోజులు తడిపి ఆరనిచ్చిన తరువాతనే ఇంజనును ఎక్కించవలెను. ఈ ఏడు రోజులను కూడ ముందుగానే లెక్కలో వేసికొనవలెను.

పుల్లీల వరుసను నూలు దారముతో చూడవచ్చును. దారమును రెండు పుల్లీల ముఖములకు ఆనించి లాగినచో నాలుగు చోట్ల తాకవలెను. బెల్టు బిగువును నడుమ బొటనవ్రేలితో నొక్కి చూడవలెను. పుల్లీల నడుమ మీటరు దూరమున్నచో సుమారు ఒకటిన్నర సెంటీమీటరు దిగుట సరియైన బిగువు. బెల్టునకు రేకు కప్పు తప్పక ఉండవలెను. పంచె కొంగు, చీర చెంగు, భుజముపై తువ్వాలు బెల్టులో పడి ప్రాణములు పోయిన సంఘటనలు పల్లెలలో కలవు.

చల్లదనము, పొగ

పాత ఇంజనునకు నీటి తొట్టె ఉండి, కొత్తది గాలితో చల్లబడునదైనచో తొట్టె అవసరము తీరును గాని గదికి కిటికీలు కావలెను. మూసిన గదిలో వేడి గాలియే మరల మరల తిరిగి ఇంజను కాలిపోవును. నీటితో చల్లబడు ఇంజనునకు పంపు నుండి చిన్న గొట్టము తీసినచో, ఆ గొట్టములో మన్ను అడ్డుపడకుండ జల్లెడ పెట్టవలెను.

నీటి మట్టము దిగినదని ఇంజనును బావిలో మెట్టుపైకి దింపుట మిక్కిలి అపాయకరము. పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. బావిలో గాలి కదలిక తక్కువ. దిగిన మనిషి స్పృహ తప్పును, అతనిని తీయ దిగినవాడును పడిపోవును. ఇంజనును ఎల్లప్పుడు గట్టుపైననే ఉంచవలెను. గట్టునుండి నీరు 6 మీటర్లకు మించి లోతున ఉన్నచో సాధారణ సెంట్రిఫ్యూగల్ పంపు నమ్మదగినది కాదు. అప్పుడు మార్చవలసినది ఇంజను కాదు, పంపు రకము.

వాడిన ఇంజనును కొనునపుడు

ఉత్తగా త్రిప్పి చూపిన ఇంజనును నమ్మరాదు. పంపునకు తగిలించి గంటసేపు నీరు తోడించి చూడవలెను. చల్లగా ఉన్నపుడు, వేడెక్కిన పిమ్మట కూడ సులభముగా మొదలు కావలెను. ఆయిలు నీళ్లతో కలిసి తెల్లగా ఉన్నచో లోపల పగులు కాని, గాస్కెట్టు లోపము కాని ఉన్నదని తెలియవలెను. ఇంజను నంబరు చెరపబడి యున్నచో ఎంత చవుకైనను కొనరాదు. అమ్మినవారి వద్ద నంబరు వేసిన రసీదు తీసికొనవలెను.

లారీలు, ట్రాక్టర్లు ఉన్నవారికి

పాత లారీకి వేరొక ఇంజను అమర్చుటలో కూడ సూత్రము ఇదియే. 1950 ప్రాంతమున పెట్రోలు లారీలకు పెర్కిన్స్ పి-6 వంటి డీజిలు ఇంజనులను అమర్చుట పలు దేశములలో జరిగినది. డీజిలు ఇంజను తక్కువ చుట్లు తిరుగుట వలన వెనుక యిరుసు పళ్ల నిష్పత్తిని మార్చనిదే లారీ మునుపటి వేగముతో పోయెడిది కాదు. లారీలో ఇంజను వెనుక గూడు బోల్టులు గేరుపెట్టెకు సరిపడవలెను. క్లచ్చి ప్లేటు నడిమి పళ్లు గేరుపెట్టె షాఫ్టు పళ్లకు సంఖ్యలోను, వ్యాసములోను ఒకటి కావలెను. ఆ షాఫ్టు కొన ఫ్లైవీలులోని చిన్న బేరింగులో సరిగా కూర్చుండవలెను. ట్రాక్టర్లలో పలు రకములకు ఇంజనే చట్రములో భాగము. ముందు యిరుసు దానికే బిగించబడి యుండును. కాబట్టి ట్రాక్టరునకు అదే మోడలు ఇంజను తప్ప వేరొకటి ప్రయత్నించుట లాభకరము కాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టమును అనుసరించి ఇంజను మార్పును రవాణా శాఖ కార్యాలయమునకు తెలిపి, రిజిస్ట్రేషను పత్రములో నమోదు చేయించవలెను.

దుకాణమునకు పోవునపుడు చేతిలో ఉండవలసిన కాగితము

ఈ క్రింది వివరములను ఇంటి వద్దనే వ్రాసికొని పోవలెను:

1. పంపు పైపుల సైజు, తోడు ఎత్తు, నీటి ప్రమాణము, చుట్లు.
2. పాత ఇంజను మోడలు, నంబరు, హార్స్ పవరు, చుట్లు.
3. రెండు పుల్లీల వ్యాసము, వెడల్పు, గాడుల సంఖ్య, రకము.
4. పంపు షాఫ్టు వ్యాసము, కీ వెడల్పు, ఎత్తు.
5. బెల్టు, బేరింగు, ఆయిలు సీలు నంబర్లు.
6. పంపు తిరుగు దిక్కు.
7. పునాది బోల్టుల నడుమ దూరములు, వాటి మందము.
8. వేసవిలో గట్టు నుండి నీటి మట్టము వరకు లోతు.

ఈ కాగితమును ఇంజను గది గోడపై అతికించి, రెండవ ప్రతిని ఇంటి పెట్టెలో దాచుకొనుడు. ఇంజను ఆగిన రోజున మీ కుమారుడో, పాలేరో పట్టణమునకు పోయినను సరియైన భాగమే తెచ్చును. మా మామగారు ఆ సంవత్సరము నుండి అట్టి కాగితమును తమ పంచాంగములో ఉంచుకొనుచున్నారు. తరువాత రెండు మారులు ఇంజను చెడినది గాని, మరుసటి సాయంకాలము లోపలనే మరల నీరు పారినది. పైరు ఒక్క తడియు తప్పలేదు.